డే కేర్ పిల్లలకు దినచర్య ఎలా వేయాలి, ఎలా నిలబెట్టాలి

మూడేళ్ల పిల్లవాడు ‘అమ్మ ఎప్పుడొస్తుంది?’ అని అడిగినప్పుడు ‘ఐదున్నరకు’ అని చెప్పి చూడండి. రెండు నిమిషాల్లో మళ్లీ అదే ప్రశ్న వేస్తాడు. ‘ఇప్పుడు భోజనం చేస్తాం, తర్వాత పడుకుంటాం, లేచి చిరుతిండి తింటాం, బయట ఆడుకుంటాం, అప్పుడు అమ్మ వస్తుంది’ అని చెప్పండి. ఆ నాలుగూ తనలో తాను చెప్పుకుంటూ బొమ్మల దగ్గరికి వెళ్లిపోతాడు. ఆ వయసుకు గడియారం తెలియదు. ఒకదాని తర్వాత ఒకటి రావడం మాత్రం బాగా తెలుసు. రోజూ అదే వరుసలో వచ్చే పనులే వాడి గడియారం. మనం వేసే దినచర్య ఆ గడియారం నమ్మకంగా నడిచేలా చేయాలి.

ఈ పనిలోకి వచ్చిన కొత్తలో నేను నిమిషాలతో సహా గీసిన పట్టికను గోడకు అంటించాను. 9.00 పాటలు, 9.15 రంగులు, 9.35 బ్లాకులు, 9.50 చేతులు కడగడం. మొదటి రోజు 9.40 అయ్యేసరికి ఇద్దరు ఏడుస్తున్నారు, ఒకడు బల్ల కింద దూరాడు, ఆయా ఇంకా రంగులంటిన చేతులు కడిగిస్తూనే ఉంది. తప్పు పిల్లలది కాదు. గంటలో నాలుగుసార్లు వాళ్లను ఆపి, లేపి, నిలబెట్టి, మళ్లీ కూర్చోబెట్టాను. అప్పటి నుంచి పట్టిక వేసే పద్ధతే మార్చుకున్నాను. అది ఇలా ఉంటుంది.

ముందు మూడు రోజులు రాసుకోండి

పట్టిక వేయడానికి కూర్చునే ముందు మూడు రోజుల పాటు ఒక చిన్న నోటు పుస్తకం వెంట ఉంచుకోండి. ఎవరికి ఎన్నింటికి ఆకలి వేసింది, ఎవరు ఎన్నింటికి కళ్లు నులుముకున్నారు, ఏ వేళకు గదిలో గొడవ పెరిగింది, ఏ వేళకు పెద్దవాళ్లకు చేతులు చాలలేదు అన్నది రాసుకోండి. వీటన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. పిల్లలు ఏమీ చేయకుండా ఊరికే ఎదురుచూసిన నిమిషాలు. కుళాయి దగ్గర వరుస, చెప్పులు తొడిగించుకోవడానికి వరుస, కంచం వచ్చేదాకా బల్ల దగ్గర కూర్చోవడం. మూడో రోజు సాయంత్రం ఈ నిమిషాలను కూడితే వచ్చే మొత్తం చూసి చాలామంది నిర్ఘాంతపోతారు. కొరకడం, తోసుకోవడం, జుట్టు పట్టుకోవడం ఎక్కువగా జరిగేది కూడా ఆ నిమిషాల్లోనే.

తల్లిదండ్రులనూ అడగండి. బిడ్డ ఇంట్లో ఎన్నింటికి లేస్తుంది, ఏం తిని వస్తుంది, రాత్రి ఎన్నింటికి పడుకుంటుంది, ఎలా నిద్రపుచ్చుతారు. ఐదున్నరకే లేచిన బిడ్డకు మీ పదకొండు గంటలంటే అప్పటికే సగం రోజు గడిచిపోయినట్టు. ఎనిమిదింటికి లేచి వచ్చిన బిడ్డకు అది ఇంకా పొద్దుటి పూటే. ఇద్దరినీ ఒకే వేళకు పడుకోబెట్టాలని చూస్తే ఒకరు ఏడుస్తారు, ఇంకొకరు పక్కవాళ్లను లేపుతారు.

గుంజలు పాతండి: తిండి, నిద్ర

పందిరి వేసేవాడు ముందు గుంజలు పాతుతాడు. దినచర్యకు తిండి, నిద్ర అలాంటివి. మిగిలినవన్నీ వీటి మీద నిలవాలి.

ఏడాది దాటిన పిల్లల పొట్టలు చిన్నవి. తిండికీ తిండికీ మధ్య రెండు మూడు గంటలకు మించి ఎడం ఉండకూడదు. పట్టికలో ముందు మధ్యాహ్న నిద్రను పెట్టి, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టండి. నిద్ర పన్నెండున్నరకైతే భోజనం పదకొండున్నర, పొద్దుటి చిరుతిండి తొమ్మిది, తొమ్మిదిన్నర మధ్య. పిల్లలు రెండున్నరకు లేస్తే మూడింటికి మళ్లీ ఏదైనా తినాలి. ఆలస్యంగా ఇంటికి వెళ్లేవారికి ఐదు దాటాక ఇంకో చిన్న ముద్ద కావాలి. సాయంత్రం పూట పిల్లలు ఊరికే పేచీ పెడుతున్నారని అనుకునే కేంద్రాల్లో చాలాసార్లు జరిగేది ఇదే, ఆకలి.

నిద్ర విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్ల లోపు పిల్లల కోసం ఇచ్చిన మార్గదర్శకాలు మంచి కొలత. పగటి కునుకులతో కలిపి రోజు మొత్తంలో మూడు నెలల లోపు శిశువులకు 14 నుంచి 17 గంటలు, 4 నుంచి 11 నెలల వారికి 12 నుంచి 16, ఒకటి రెండేళ్ల వారికి 11 నుంచి 14, మూడు నాలుగేళ్ల వారికి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. బిడ్డ రాత్రి ఎంతసేపు నిద్రపోతుందో తెలిస్తే మీ దగ్గర ఎంతసేపు పడుకోవాలో తీసివేతతో తేలిపోతుంది. రాత్రి తొమ్మిదిన్నర గంటలే నిద్రపోయే రెండేళ్ల పాపకు పగలు రెండు గంటల కునుకు తప్పనిసరి. రాత్రి పదకొండు గంటలు నిద్రపోయే నాలుగేళ్ల పిల్లవాడికి పగటి నిద్ర పట్టకపోతే కంగారు పడనక్కర్లేదు.

ఏడాది లోపు శిశువులకు మాత్రం గదంతటికీ ఒకే పట్టిక వేయకండి. ప్రతి బిడ్డకూ విడిగా ఒక కాగితం ఉండాలి. ఆకలి వేసినప్పుడు పాలు, నిద్ర వచ్చినప్పుడు నిద్ర. పెదవులు చప్పరించడం, తల అటూ ఇటూ తిప్పి వెతకడం, గుప్పిట నోట్లో పెట్టుకోవడం ఆకలికి తొలి గుర్తులు. ఏడుపు అన్నిటికంటే చివరిది, అప్పటిదాకా ఆగకూడదు. పడుకోబెట్టేటప్పుడు వెల్లకిలా, గట్టి పరుపు మీద, దిండు, వదులు దుప్పటి, మెత్తటి బొమ్మలు ఏవీ లేకుండా పడుకోబెట్టాలి. ఇంకా పాకడం రాని బిడ్డలను మెలకువగా ఉన్నప్పుడు విడతలు విడతలుగా బోర్లా వేసి, రోజు మొత్తం మీద కనీసం 30 నిమిషాలు ఆడించాలి. కదలడానికి వీల్లేని కుర్చీలో ఒకేసారి గంటకు మించి ఉంచకూడదు. ఈ రెండూ కూడా ఆ మార్గదర్శకాల్లోవే.

12 నుంచి 18 నెలల మధ్య చాలామంది పిల్లలకు రెండు కునుకులు పోయి ఒకటి మిగులుతుంది. ఆ మార్పు ఒక్క రోజులో జరగదు. కొన్ని వారాలు ఒకరోజు రెండు, మరోరోజు ఒకటి అన్నట్టు సాగుతుంది. ఒంటి కునుకు గదిలో అలాంటి బిడ్డ ఉంటే పది గంటలకు ఒక మూల కాసేపు పడుకోనివ్వండి. భోజనం బల్ల దగ్గర కూర్చునే నిద్రలోకి జారిపోతుంటే ఆ వారం ఆ బిడ్డకు భోజనం అరగంట ముందే పెట్టండి.

మధ్యలో ఆట

గుంజల మధ్య ఖాళీల్లో మొదట పెట్టాల్సింది పిల్లలు తమకు నచ్చింది ఎంచుకుని ఆడుకునే వేళ. రెండేళ్లు దాటిన గదిలో దీన్ని కనీసం ముప్పావు గంట, వీలైతే గంటకు పైగా ఒకే విడతగా ఇవ్వండి. పిల్లవాడు గదంతా తిరిగి, అదీ ఇదీ ముట్టుకుని, ఒక చోట కుదురుకోవడానికే పది పదిహేను నిమిషాలు పడుతుంది. అసలు ఆట ఆ తర్వాతే మొదలవుతుంది. ఇరవై నిమిషాలకే ‘సర్దేయండి’ అంటే కుదురుకున్న క్షణంలోనే లేపేసినట్టు. పిల్లలు తమ పని తామే ఎంచుకునే మాంటిస్సోరి బడుల్లో పొద్దుటి పూట దాదాపు మూడు గంటలు అంతరాయం లేకుండా వదిలేయడానికి కారణం ఇదే. అమెరికాలో 1960ల్లో మొదలైన హైస్కోప్ పద్ధతిలో ఆటకు ముందు పిల్లలు ఏం చేయాలనుకుంటున్నారో చెబుతారు, ఆడతారు, తర్వాత ఏం చేశారో చెబుతారు. మూడేళ్లు దాటిన వారితో ఇది చేసి చూడండి, ముందు రెండు నిమిషాలు, వెనక మూడు నిమిషాలు చాలు. పొద్దున చెప్పింది ఒకటి, చేసింది ఇంకొకటి అయినా తప్పు పట్టకండి.

అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి పాటలు, కథలు చెప్పే వేళ పొట్టిగా ఉండాలి. నా అనుభవంలో రెండేళ్ల వారికి ఐదు నిమిషాలు, మూడేళ్ల వారికి పది, నాలుగు దాటిన వారికి పదిహేను. రెండేళ్ల పిల్ల మధ్యలో లేచి వెళ్లిపోతే వెళ్లనివ్వండి. కథ బాగుంటే తిరిగి వస్తుంది.

ఒళ్లు కదిలే ఆట పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఆరుబయట. ఏడాది నుంచి నాలుగేళ్ల దాకా పిల్లలు రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాలు కదులుతూ ఉండాలి. మూడు నాలుగేళ్ల వారికి అందులో 60 నిమిషాలైనా ఊపిరి ఎగపోసే పరుగులు, గెంతులు కావాలి. టీవీ, ఫోను తెరలు రెండేళ్ల లోపు వారికి అసలు వద్దు, ఆపైన రోజుకు గంటకు మించకూడదు. ఆ గంట ఎలాగూ ఇంట్లో గడిచిపోతుంది కాబట్టి డే కేర్‌లో తెర పెట్టకపోవడమే నా సలహా.

రెండు నుంచి నాలుగేళ్ల పిల్లల గదికి ఒక రోజు ఇలా ఉండవచ్చు:

7.30 – 9.00: రాక, పలకరింపు, నచ్చిన బొమ్మలతో ఆట
9.00 – 9.30: చేతులు కడగడం, చిరుతిండి
9.30 – 9.40: పాటలు, ఈ రోజు ఏం చేద్దామనే కబుర్లు
9.40 – 10.40: ఎంచుకుని ఆడుకోవడం, సర్దడం
10.40 – 11.30: ఆరుబయట
11.30 – 12.15: చేతులు కడగడం, భోజనం
12.15 – 12.30: మరుగుదొడ్డి, కథ
12.30 – 2.30: నిద్ర, విశ్రాంతి
2.30 – 3.15: మెల్లగా లేవడం, చిరుతిండి
3.15 – 4.15: ఆరుబయట
4.15 నుంచి ఇంటికి వెళ్లేదాకా: గదిలో నిదానమైన ఆటలు, పుస్తకాలు

ఎండ తీవ్రమైన చోట బయటి ఆటను పొద్దుటికి, సాయంత్రం చివరికి జరపండి. ఉరుకులాట తర్వాత నిదానం, నిదానం తర్వాత ఉరుకులాట వచ్చేలా చూసుకుంటే వేళలు అటూ ఇటూ అయినా పరవాలేదు. వరుస మాత్రం మారకూడదు.

పని నుంచి పనికి మారే వేళలు

దినచర్య చెడిపోయేది పనుల్లో కాదు, పనికీ పనికీ మధ్య. అందుకే పట్టిక పూర్తయ్యాక ఎర్ర కలం తీసుకుని గదిలో అందరూ కలిసి మారాల్సిన చోటల్లా ఒక గీత పెట్టండి. పై పట్టికలో అవి దాదాపు పది. మీ పట్టికలో పదిహేను గీతలు వస్తే కొన్నింటిని కలిపేయండి. ఉదాహరణకు చిరుతిండిని అందరికీ ఒకేసారి పెట్టకుండా, ఆట వేళలోనే ఒక బల్ల మీద ఉంచి, ఆకలి వేసిన నలుగురు నలుగురుగా వచ్చి తినేలా చేస్తే ఒక మార్పు పూర్తిగా తగ్గుతుంది. మూడేళ్లు దాటిన గదుల్లో ఇది బాగా నడుస్తుంది.

తర్వాత లెక్క వేయండి. సబ్బుతో చేతులు 20 సెకన్లు రుద్దుకోవాలి. తడపడం, కడగడం, తుడవడం కలిపితే ఒక్కొక్కరికి ముప్పావు నిమిషం. కుళాయి ఒకటి, పిల్లలు పన్నెండు మంది అంటే తొమ్మిది నిమిషాలు. వరుసలో చివరి బిడ్డ ఎనిమిది నిమిషాలకు పైగా గోడకు ఆనుకుని నిలబడాలి, రెండేళ్ల వయసులో అది జరిగే పని కాదు. కాబట్టి ముగ్గురేసి వెళ్లాలి, మిగతావారు ఆడుతూనే ఉండాలి. కడుక్కుని వచ్చినవారి కోసం బల్ల దగ్గర ఒక పెద్దమనిషి, ముందే సిద్ధంగా ఉన్న కంచం ఉండాలి. ఎక్కడైనా ఇదే సూత్రం. ఒకరు పాత పని ముగిస్తుంటే ఇంకొకరు కొత్త పని మొదలుపెట్టేయాలి. అందరూ వచ్చాక మొదలుపెడదామని ఆగితే ముందు వచ్చినవాడు అల్లరి చేయక తప్పదు.

ఆట ఆపబోయే ముందు చెప్పండి. ‘ఇంకా ఐదు నిమిషాలు’ అనే మాట వాళ్లకు ఏమీ చెప్పదు. ‘ఇంకా రెండుసార్లు జారి రండి’, ‘ఈ గోపురం మీద ఇంకో మూడు బ్లాకులు పెట్టండి’ అంటే అర్థమవుతుంది. బ్లాకులతో కట్టింది ప్రతిసారీ పడగొట్టించనక్కర్లేదు. ‘ఇది ఇంకా పూర్తి కాలేదు’ అనే గుర్తుగా పక్కన ఒక చిన్న అట్ట నిలబెట్టి, నిద్ర లేచాక కట్టుకోనివ్వండి. సర్దే ముందు జరిగే ఏడుపుల్లో సగం దీనితోనే ఆగిపోవడం నేను చూశాను.

ఒక్కో మార్పుకు ఒక్కో పాట పెట్టుకోండి. సర్దడానికి ఒకటి, చేతులు కడగడానికి ఒకటి, బయటికి వెళ్లడానికి ఒకటి. గొంతు బాగుండాల్సిన అవసరం లేదు, పాట మారకుండా ఉంటే చాలు.

హంగరీలో శిశువైద్యురాలు ఎమ్మి పిక్లర్ 1946లో బుడాపెస్ట్‌లో స్థాపించిన లోచి శిశుగృహంలో చిన్నపిల్లలకు ఒక్కొక్కరికే తినిపించేవారు, ఆ వంతుల వరుస మారనిచ్చేవారు కాదు. ఎవరి తర్వాత తన వంతో బిడ్డకు తెలుసు కాబట్టి ఆడుకుంటూ ఆగగలదు. డైపర్లు మార్చేటప్పుడు, తినిపించేటప్పుడు మీరూ వంతుల వరుస ఒకటి పెట్టుకోండి. ఎవరు గట్టిగా ఏడిస్తే వాళ్లకు ముందు అనే పద్ధతి నడిచే గదిలో అందరూ ఏడవడం నేర్చుకుంటారు.

పిల్లలకు కనిపించేలా

పెద్దవాళ్ల పట్టిక తలుపు వెనక ఉండనివ్వండి. పిల్లలది బొమ్మల పట్టిక, వాళ్ల కంటి ఎత్తులో. మీ గదిలోనే, మీ బల్ల, మీ కుళాయి, మీ చాపలు కనిపించేలా ఫోటోలు తీసి, ఎనిమిదికి మించకుండా కార్డులు చేసి వరుసగా అంటించండి. ఒక బట్టల క్లిప్పు పెట్టి, ఒక పని అయ్యాక దాన్ని తర్వాతి కార్డుకు జరిపే బాధ్యత రోజుకొకరికి ఇవ్వండి. చివరి కార్డు ఇంటికి వెళ్లడం. పొద్దున అమ్మ వెళ్లాక ఏడుపు ఆగని ఒక పాప కొన్ని వారాల పాటు రోజూ ఆ చివరి కార్డు మీద చేయి పెట్టి నిలబడేది. మేము పక్కన కూర్చుని మధ్యలో ఉన్న కార్డులన్నీ ఒక్కొక్కటిగా వేలితో చూపించేవాళ్లం. ఒకరోజు తనే మాకు చూపించింది.

పెద్దవాళ్ల పట్టికలో మాత్రం ప్రతి వేళకూ ఎవరు ఎక్కడ ఉండాలో పేరుతో రాయండి. కుళాయి దగ్గర ఎవరు, బల్ల దగ్గర ఎవరు, తలుపు దగ్గర ఎవరు. సిబ్బంది విరామాలు మార్పు వేళల్లో పడకూడదు. పిల్లలు నిద్రపోతున్నారని అందరూ ఒకేసారి గది వదిలి వెళ్లకూడదు. మెలకువగా ఒక మనిషి గదిలోనే ఉండి, ప్రతి బిడ్డనూ చూస్తూ ఉండాలి.

నిద్ర వేళ

భోజనం నుంచి నిద్రకు వెళ్లే దారి రోజూ ఒకే తీరుగా ఉండాలి. మొహం కడగడం, మరుగుదొడ్డి, తెరలు దించడం, ఒక కథ, చాప. ప్రతి బిడ్డ చాప రోజూ అదే చోట ఉండాలి, ఇంటి నుంచి తెచ్చుకున్న గుడ్డ ముక్కో బొమ్మో ఏడాది దాటిన వారి చేతిలో ఉండనివ్వండి. తొందరగా నిద్రపట్టేవారిని మధ్యలో, కదిలేవారిని గోడ వారగా వేస్తే మిగతావారికి ఇబ్బంది ఉండదు. వీపు తడుతూ మీరు నిదానంగా ఊపిరి తీసుకోండి, కొద్దిసేపట్లో బిడ్డ ఊపిరి కూడా నెమ్మదిస్తుంది.

మూడేళ్ల తర్వాత కొందరికి పగటి నిద్ర మెల్లగా పోతుంది. అరగంట చాప మీద పడుకుని, నిద్ర రాకపోతే లేచి ఒక మూల బుట్టలోని పుస్తకాలు, ముక్కలు జత చేసే పజిళ్లు తీసుకోవచ్చని ముందే చెప్పండి. రెండు గంటలు కదలకుండా పడుకోమనడం శిక్ష. ‘అల్లరి చేస్తే పడుకోబెట్టేస్తాను’ అనే మాట మీ గదిలో ఎవరి నోటా రాకూడదు. ఒకసారి నిద్ర శిక్షగా మారితే మళ్లీ నిద్రగా మారడానికి నెలలు పడుతుంది. లేపేటప్పుడు లైట్లు ఒక్కసారి వేయకండి. ముందు తెర కొంచెం తీయండి, పది నిమిషాలు ఒడిలో కూర్చోనివ్వండి.

నిలబెట్టుకోవడం

కొత్త దినచర్యను రెండు వారాలు మార్చకుండా నడపండి. మొదటి నాలుగు రోజులు గందరగోళంగానే ఉంటాయి. నాలుగో రోజునే పట్టిక బాగాలేదని మార్చేస్తే పిల్లలు ఐదో రోజు మళ్లీ మొదటికి వస్తారు. రెండు వారాల తర్వాతా ఒకే వేళకు గొడవ వస్తుంటే అప్పుడు మార్చండి. ఒకసారికి ఒక్క మార్పే, అది కూడా పది పదిహేను నిమిషాలే. చాలాసార్లు గొడవ జరిగే వేళలో కంటే దానికి ముందున్న వేళలోనే చిక్కు ఉంటుంది. భోజనం దగ్గర పేచీలైతే బయటి ఆట మరీ ఎక్కువసేపు సాగుతోందేమో చూడండి.

వాన పడిన రోజు బయటి ఆట రద్దవుతుంది, కదలడం రద్దు కాకూడదు. అదే వేళకు గదిలో చాపలు ఎత్తేసి గెంతులు, దొర్లుళ్లు పెట్టండి. ఒక టీచరు రాని రోజు ఆటలు తగ్గించుకోండి, తిండి, నిద్ర వేళలను ముట్టుకోకండి. సెలవుల తర్వాత వచ్చే మొదటి రోజు ఎవరికైనా కష్టమే కాబట్టి ఆ రోజు కొత్త బొమ్మలు, కొత్త పాటలు ఏవీ పెట్టకండి.

కొత్తగా చేరిన బిడ్డను మొదటి రోజే పూర్తి రోజు ఉంచకండి. మొదట అమ్మో నాన్నో పక్కన ఉండగా గంట, తర్వాత చిరుతిండి దాకా, తర్వాత భోజనం దాకా, చివరికి నిద్ర దాకా. తెలియని చోట నిద్రపోవడం అన్నిటికంటే పెద్ద నమ్మకం, దాన్ని ఆఖరుకు ఉంచండి. వదిలి వెళ్లేటప్పుడు తల్లిదండ్రులు చెప్పకుండా జారుకోకూడదని వారికి గట్టిగా చెప్పండి. ఒక ముద్దు, కిటికీలోంచి చేయి ఊపడం, వెళ్లడం. రోజూ అలాగే.

సాయంత్రం ప్రతి బిడ్డ గురించి నాలుగు మాటలు రాసి ఇవ్వండి: ఎన్నింటికి ఎంతసేపు పడుకుంది, ఏం తిన్నది, డైపరు ఎన్నిసార్లు మార్చాం, ఏం చూసి నవ్వింది. మొదటి మూడూ ఇంట్లో రాత్రిని నడపడానికి పనికొస్తాయి. నాలుగోది ఆ రోజంతా బిడ్డకు దూరంగా గడిపిన మనిషి కోసం.

మూడు నెలలకోసారి నోటు పుస్తకం మళ్లీ తీయండి. పిల్లలు పెరిగిపోయి ఉంటారు. సగం మంది నిద్రపోకుండా దొర్లుతుంటే, ఆట ముగిసే వేళకు ఎవరికీ ఆపాలని లేకపోతే, పొద్దుటి చిరుతిండి కంచాల్లో మిగిలిపోతుంటే పట్టిక పాతబడిందన్నమాట. పెద్ద గదికి మారే పిల్లల విషయంలో ఒక జాగ్రత్త తీసుకోండి. మారడానికి ఒక వారం ముందు నుంచి రోజూ ఒక పని, ముందు బయటి ఆట, తర్వాత చిరుతిండి, ఆ గదిలో చేయనివ్వండి. మారిన రోజున వాళ్ల చాపను, చేతులు కడిగే పాటను వెంట పంపండి.